ఆరనివ్వని తడిగుడ్డ

నా దగ్గర రెండు థర్మామీటర్లు ఉండేవి. ఒకే పొడవు, ఒకే కొలత, కవల పిల్లల్లా. జగిత్యాలలో ఒక చిన్న బడి మూతపడి సైన్సు గది సామాను అమ్ముతుంటే తెచ్చుకున్నాను. దూది పరిచిన చెక్కపెట్టెలో పెట్టి ఎక్కడికి పనికి వెళ్లినా వెంట తీసుకుపోయేవాణ్ని. నా భార్య ఆ పెట్టెను "నా సవతి బిడ్డలు" అనేది. ఇప్పుడవి నా దగ్గర లేవు. ఎందుకు లేవో మీకు చెప్పాలి. ఏసీలు, కూలర్లు బిగించే పనిలోకి కొత్తగా వచ్చిన మీకే చెప్పాలి. ఎందుకంటే నేను చేసిన తప్పును మీరూ చేస్తారు. నాలాగా నాలుగు పుస్తకాలు చదివినవాళ్లయితే ఇంకా తొందరగా చేస్తారు.

మా కంపెనీ కోరుట్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టింది. దాన్ని పెట్టినాయన కల్లుకు తాళ్లు గీసే ఇంటివాడు. వయసులో ఉండగా దుబాయికి కూలికి వెళ్లి, అక్కడ ఏసీలు మోసి, మోసినవాటిని విప్పి చూసి, పని నేర్చుకుని తిరిగొచ్చాడు. ఊరంతా ఆయన్ని దుబాయి సారు అనేది. మొదట్లో మేం చేసినవి రేకు కూలర్లే. రేకు కోసేవాళ్లం ఇద్దరం, గడ్డి నింపే ఆడవాళ్లు నలుగురు. తర్వాత జగిత్యాలలో ఫంక్షన్ హాళ్లు లేచాయి, దుకాణాలకు అద్దాల తలుపులు వచ్చాయి, వాటితోపాటు మేమూ ఏసీల్లోకి దిగాం. ఎంత ఎదిగినా దుబాయి సారు మాట మాత్రం మారలేదు.

"సల్లగ చేసుడు గాదుర మన పని. ఎంత గావాల్నో గంతనే చేసుడు. సల్లగైతే ఐసు గడ్డ గూడ చేస్తది."

నాది మేడిపల్లి దిక్కు పల్లె. మా అమ్మానాన్నలు ఒకరి పొలంలో నాటేసి, ఇంకొకరి పొలంలో కోత కోసి బతికినవాళ్లు. నేను పదో తరగతి తప్పి రేకు కత్తెర పట్టాను. ఇక చదువంటారా, నిజం చెప్పాలంటే అది ఫ్యాన్ దయ. కోరుట్లలో మధ్యాహ్నం పూట ఎవరూ అడగకుండా ఫ్యాన్ కింద కూర్చోగలిగే చోటు గ్రంథాలయం ఒక్కటే. ఉత్తగా కూర్చుంటే గ్రంథపాలకుడు ఊరుకోడు కాబట్టి ఒక పుస్తకం ముందు పెట్టుకునేవాణ్ని. ముందు పెట్టుకున్నాను కదా అని తిప్పేవాణ్ని. అట్లా తిప్పుతూ తిప్పుతూ ఒక వేసవిలో భౌతికశాస్త్రం అరంతా అయిపోయింది. తేమను ఎట్లా కొలుస్తారో నాకు తెలిసింది అక్కడే.

చాలా సులువు. రెండు థర్మామీటర్లు పక్కపక్కనే వేలాడదీయాలి. ఒకదాని అడుగున పాదరసం ఉండే బుగ్గకు తడిగుడ్డ చుట్టాలి. గాలి పొడిగా ఉంటే గుడ్డలో తడి గబగబా ఆవిరైపోయి ఆ థర్మామీటర్ చల్లబడుతుంది. రెండింటికీ తేడా ఎంత ఎక్కువుంటే గాలి అంత పొడి. ఆ లెక్కల పట్టికను నోటుబుక్కులో ఎక్కించుకున్న రోజు నేను నడిచిన నడక వేరు. మా కంపెనీలో ఆ పట్టిక తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేవాణ్ని కూడా.

తెలంగాణ ఉద్యమం ఊరూరా మండుతున్న ఒక ఎండాకాలంలో సిరిసిల్ల నుంచి ఒక ఆసామి మా దగ్గరికి వచ్చాడు. ఆసామి అంటే సొంత మరమగ్గాలు ఉండి, నలుగురిని పెట్టి నేయించేవాడు. ఈయనవి పన్నెండు మగ్గాలు. ఎండలు ముదిరితే షెడ్డులో గాలి పొడిబారి దారం తెగుతుంది. తెగిన ప్రతిసారీ మగ్గం ఆపి, ముడేసి, మళ్లీ నడపాలి. అందుకని అక్కడివాళ్లు నేల మీద నీళ్లు చల్లుతారు, కిటికీలకు తడి గోనెసంచులు కడతారు. ఆసామికి ఉద్యమ సభకు గులాబీ జెండాలు, కండువాల బట్ట నేసే పని దొరికింది.

"గీ పని గండం గట్టెక్కితే షెడ్డు నిలవడ్డట్టు," అన్నాడాయన, మా షెడ్డులో స్టూలు మీద కూర్చుని. "లేకుంటే మగ్గాలు తుక్కోనికి తూకమేసి ఇచ్చుడే. మా మనుషులు బతుకుదెరువుకు భీవండి బండెక్కుడే."

దుబాయి సారు నా వైపు చూశాడు. నేను నోటుబుక్కు తీశాను.

షెడ్డుకు ఒక చివర గోడంత గడ్డిపరద కట్టాం. దాని మీద నీళ్లు కారడానికి పైపు, ఒక పంపు. ఇంకో చివర గాలిని బయటికి లాగే ఫ్యాన్లు. తడిగడ్డి గుండా గాలి లోపలికొస్తుంది, చల్లదనమూ తేమా రెండూ తెస్తుంది. ఫ్యాన్లు ఎప్పుడూ తిరుగుతాయి. పంపును మాత్రం గోడకు బిగించిన ఒక చిన్న డబ్బా నడిపిస్తుంది. దాని లోపల ఒక సన్నని పట్టీ ఉంటుంది. గాలిలో తేమ పెరిగితే సాగి పంపును ఆపుతుంది, తగ్గితే ముడుచుకుని పంపును నడుపుతుంది. అది మా కంపెనీ బిగించిన మొట్టమొదటి తేమ డబ్బా. బొంబాయి నుంచి తెప్పించాం.

ఆ షెడ్డులో కండెలు చుట్టే అక్క ఒకామె ఉండేది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలకు నూలు చుట్టడం ఆమె పని. ఆమె భర్త అదే షెడ్డులో నాలుగు మగ్గాలు చూసుకునేవాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో, మొదటి గంటలోనే నన్ను తమ్ముణ్ని చేసుకుంది. పొద్దున నీళ్లు చల్లేదీ, గోనెసంచులు తడిపేదీ ఆమే. ఆ సంచులన్నీ నేను విప్పించేశాను.

"ఇగ నువ్వు నీళ్లు సల్లే పని లేదక్కా. గీ డబ్బా జూస్కుంటది."

"డబ్బకు ఎట్ల ఎర్కయితది తమ్మీ? దానికి తోలున్నదా, సెమట వడ్తదా?"

ఇంతకంటే మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నాకు పూనకం వచ్చినట్టయింది. డబ్బా పక్కనే మేకు కొట్టి నా థర్మామీటర్లు రెండూ వేలాడదీశాను. ఒకదానికి తడిగుడ్డ చుట్టాను. మగ్గాలు ఆపించి మరీ పాఠం మొదలుపెట్టాను.

"మట్టి రంజన్ల నీళ్లు ఎందుకు సల్లగైతయక్కా?"

"రంజను సెమర్చుతది గదా. గాలి తాకితె సల్లగైతది."

"గంతే! గీ గుడ్డ గూడ గట్లనే సెమర్చుతది. మొత్తం కిటుకు గీ గుడ్డలనే ఉన్నది. గీ తడిగుడ్డ ఎన్నడు ఆరొద్దు. ఆరిందా, లెక్క మొత్తం తప్పుతది. యాదుంచుకో."

"ఆరొద్దు," అంది ఆమె, పొలంలో దేవుడికి మొక్కినంత శ్రద్ధగా. అవతల మగ్గం మీంచి ఆమె భర్త నవ్వాడు. "ఇరవై ఏండ్లసంది నేను జెప్పింది ఒక్కటి యాదుంచుకోలే. నీది ఉంచుకుంటది సూడు."

రెండు రోజులు అక్కడే ఉన్నాను. పంపు సమయానికి నడిచింది, సమయానికి ఆగింది. దారం గట్టిగా నిలిచింది. డబ్బాకు పసుపు, కుంకుమ పెట్టారు. నేను థర్మామీటర్లు విప్పి, తుడిచి, దూదిలో పడుకోబెట్టి పెట్టె మూశాను. అవి నావి కదా. పోయేటప్పుడు అందరికీ గట్టిగా చెప్పాను: డబ్బా అనుకున్నప్పుడే పంపు నడుస్తుంది, మీరెవ్వరూ స్విచ్చుకు చెయ్యి పెట్టొద్దు.

నాలుగు రోజులకు ఆసామి ఫోన్ చేశాడు. దారం తెగుతోందట.

"పంపు నడుస్తున్నదా?" అడిగాను.

"డబ్బా సెప్తెనే నడుస్తదంటివి. అది సెప్తలేదు."

"అయితే తేమ సరిపోయినంత ఉన్నట్టే. నూలు సూపియ్యి. కండెలు గట్టిగ సుట్టుతున్నరేమో సూడు."

ఇది నేను కోరుట్లలో కుర్చీలో కూర్చుని అన్న మాట. సిరిసిల్ల గాలి ఎట్లా ఉందో నాకు తెలియదు. కానీ డబ్బా అబద్ధం చెప్పదని తెలుసు. పుస్తకంలో ఉంది. వెళ్లి చూద్దామంటే బంద్‌లు, బస్సులు డిపో దాటడం లేదు. ఆ సాకు కూడా నాకు చేతికందింది. మరో వారానికి ఇంకో ఫోన్. అదే జవాబు. మూడో ఫోన్ నేరుగా దుబాయి సారుకు వచ్చింది.

ఆయన ఫోన్ పెట్టేశాడు. తర్వాత తన మోపెడ్ తాళంచెవి నా ముందు పెట్టాడు. "తుక్కు బేరగాడు వచ్చి మగ్గాలు సూసిపోయిండట. ఐతారం నాడు లారీ తెస్తడట. ఇయ్యాల శుక్రారం. నువ్వు వోతవా, నేను వోవాల్నా?"

తెల్లారి చల్లపొద్దులోనే బయలుదేరాను. వెనక సీటుకు థర్మామీటర్ల పెట్టె కట్టుకున్నాను. జగిత్యాల దాటి వేములవాడ తోవలో ఒక ఊరి ముందు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగి ఉన్నాయి. వంటావార్పు. ఊరంతా రోడ్డు మీదే వండుకుని తింటూ బండ్లను ఆపుతోంది. పెద్ద గుండిగలో పప్పు, అన్నం కలిసి ఉడుకుతున్నాయి. గరిటె పట్టుకున్న ఒక పెద్దమ్మ నా దారికి అడ్డంగా నిలబడింది.

"ఎటు?"

"సిరిసిల్లకు పెద్దమ్మా. జెండాల బట్ట నేసే షెడ్డుల పని ఆగింది. రిపేరుకు."

"జెండాలకా? అయితే మనోనివే. కూసో. తిని పో."

"ఆల్శమైతది."

"తినకుంట ఎవ్వల్ని పోనియ్యలే పొద్దటిసంది. పోలీసాయనే తిని పోయిండు. నువ్వెంత?"

రోడ్డు మీద విస్తరి వేసుకుని, డీజిల్ మరకల పక్కన కూర్చుని, నాలుక కాలుతుండగా తిన్నాను. గంట ఆలస్యమైంది. నిజాయితీగా చెప్తున్నాను, అంత మంచి పప్పన్నం తర్వాతెప్పుడూ తినలేదు.

షెడ్డు తలుపు తీయగానే ముఖం మీద కొలిమి ఊదినట్టయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. గడ్డిపరద మాత్రం పెళపెళలాడేంత ఎండిపోయి ఉంది. బయటి వడగాలిని ఆ ఎండుగడ్డి గుండా ఫ్యాన్లు ఊడ్చి లోపల పోస్తున్నాయి. మేం రాకముందు కనీసం గోనెసంచులైనా ఉండేవి. పన్నెండింటిలో నడుస్తున్నవి మూడు మగ్గాలు. మిగతావాటి మీద తెగిన పోగులు జుట్టులా వేలాడుతున్నాయి. ఆసామి భోజనానికి ఇంటికి వెళ్లాడు. అక్క ఒక్కతే నవ్వుతూ ఎదురొచ్చింది.

"అచ్చినవా తమ్మీ! నువ్వస్తె బాగయితదన్న నేను. సూడు, నువ్వు సెప్పింది ఒక్కపూట తప్పలే."

ఆమె చూపించిన వైపు చూశాను. గోడ మీద తేమ డబ్బాకు చుట్టూ, పసిపిల్లకు కట్టినంత అందంగా, తడిగుడ్డ కట్టి ఉంది. నీటి చుక్కలు కారుతున్నాయి. కింద చుక్కలు పట్టడానికి ఒక గిన్నె.

"నువ్వు వొయ్యేటప్పుడు గుడ్డ కట్టుడు మర్సిపోయినవ్. గా గాజు పుల్లలు దీస్కపోయినవ్ గని దీనికి గుడ్డ ఉంచకపోతివి. దినాం మూడుసార్లు తడుపుత. పాత పీలిక గాదు, జెండలకు రంగులేసే ఆయన పంపిన గులాబి నమూన ముక్క, కొత్తది. ఒక్క పూట గూడ ఆరనియ్యలే."

నేను వెళ్లిన మర్నాటి నుంచీ ఆ డబ్బా తడిగుడ్డలోనే బతికింది. దానికి తెలిసిన లోకమంతా వానాకాలమే. ఇక పంపు ఎందుకు నడుపుతుంది? అది అబద్ధం చెప్పలేదు. పుస్తకమూ అబద్ధం చెప్పలేదు. నేనే చెప్పాల్సిన మాటలో సగం చెప్పి, మిగతా సగాన్ని చెక్కపెట్టెలో పెట్టుకుని మోసుకుపోయాను.

"అక్కా, జర మంచినీళ్లు దెస్తవా?" అన్నాను. ఆమె రంజన్ వైపు తిరగగానే గుడ్డ విప్పి, పిండే వ్యవధి కూడా లేక, అంగీ జేబులో కుక్కుకున్నాను. నోటుబుక్కుతో డబ్బాకు విసరడం మొదలుపెట్టాను. లోపలి పట్టీ ఆరాలి కదా. ఆమె నీళ్లు తెచ్చి నా పక్కన నిలబడి నేను విసరడాన్ని చూసింది. ఏమీ అడగలేదు.

ఆసామి వచ్చాడు. వెనకే ఆమె భర్త, మిగతా నేతగాళ్లు.

"ఏందయ్యా, విసనకర్ర పట్టవడితివి! నా మగ్గాలకు దినం జేస్తున్నవా?" ఆసామి గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. "ఫోన్ల ఏమంటివి? నూలు బాగలేదంటివి. కండెలు గట్టిగ సుట్టుతున్నరంటివి. నీ మాట వట్టుకొని గీమెను నేను అనరాని మాటలన్న."

అక్క నా ముఖంలోకి చూసింది.

"నేను సుట్టిన కండెలా తమ్మీ?"

అంతే అడిగింది. కోపంగా కూడా కాదు. నలభై ఏళ్ల ఉద్యోగంలో నన్ను చాలామంది తిట్టారు. ఒక హాలు ఓనరు పెళ్లివాళ్ల ముందే చొక్కా పట్టుకున్నాడు. ఏవీ గుర్తులేవు. ఈ నాలుగు మాటలు మాత్రం ఇప్పుడూ వినిపిస్తాయి.

అప్పుడే పంపు గుడగుడమంది. పైపులో గాలి దగ్గి, గడ్డి మీద మొదటి నీటిచార దిగింది. ఎండుగడ్డి తడిసిన వాసన షెడ్డంతా పాకింది. అందరి తలలూ అటు తిరిగాయి.

"అక్క కండెల్ల తప్పు లేదు," అన్నాను ఆసామితో. "నూలుల లేదు. డబ్బ లోపల పట్టి ఇరుక్కున్నది. నేను బిగిచ్చినప్పుడే జరిగింది. సూడకుంట ఫోన్ల నోటికచ్చింది అన్న. తప్పు నాది."

పట్టీ ఇరుక్కోవడం అబద్ధం. తప్పు నాదన్నది నిజం. రెండూ ఒకే ఊపిరిలో చెప్పాను కాబట్టి రెండూ ఒకేలా వినిపించి ఉంటాయి.

గంటకు దారం నిలవడం మొదలైంది. నేతగాళ్లు తెగిన పోగులు ముడేసుకుంటూ ఒక్కో మగ్గాన్నీ లేపారు. నేను మళ్లీ మేకు కొట్టి థర్మామీటర్లు వేలాడదీశాను. ఈసారి పాఠం చెప్పలేదు. ఎంత తేడా దాకా ఫరవాలేదో గోడ మీద గీత గీసి చూపించాను.

"అక్కా, గియి ఇక్కడనే ఉంటయి. గుడ్డ గీ ఒక్కదానికే. డబ్బకు నేను మందు వెట్టిన, దాన్ని ఉత్తగనే ఉండనియ్యి. గీ రెంటికి తేడ ఇంత కన్న ఎక్కువైనా పంపు నడుస్తలేదనుకో, డబ్బ మాట ఇనకు. నువ్వే స్విచ్చెయ్యి. ఇప్పుడు నువ్వు నాకు తిరిగి సెప్పు."

ఆమె తప్పు లేకుండా తిరిగి చెప్పింది. చెప్పాక, "నీయి గదా తమ్మీ, ఉంచిపోతవా?" అంది.

"ఉంచిపోత."

సాయంత్రం ఎండ ఉండగానే తిరుగుప్రయాణం. పొద్దున ఆపిన ఊళ్లోనే మళ్లీ ఆపారు. గుండిగలు కడుగుతున్నారు. పెద్దమ్మ నన్ను గుర్తుపట్టి, నా ఛాతీ వైపు వేలు చూపించి గొల్లున నవ్వింది. చూసుకుంటే, జేబులోని గుడ్డ రంగు దిగి నా తెల్లంగీ మీద గులాబీ మరక బొడ్డు దాకా పాకి ఉంది. "జెండ రిపేరు జేయవోయి తానే జెండైండు!" అని అక్కడెవరో అరిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. షెడ్డులో ఎవరూ గమనించలేదు కదా అని లోపల ఊపిరి పీల్చుకున్నాను.

ఆదివారం తుక్కు లారీ వచ్చి, మగ్గాల చప్పుడు విని, ఆసామి ఇచ్చిన చాయ తాగి వెళ్లిపోయిందట. అనుకున్నంత బట్ట అంతా అందలేదు, చాలావరకు అందింది. షెడ్డు నిలబడింది. ఆ ఏడు భీవండి బండి ఎవరూ ఎక్కలేదు.

దుబాయి సారుకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "దుబాయిల నాకు భాష రాదు. మేస్త్రి ఏదన్న జెప్తె తలకాయ ఊపుతుంటి," అన్నాడు. "ఒకడే ఒకడు, మలయాళీ, 'ఏం జెప్పిన్నో చేసి సూపియ్యి' అనెటోడు. నాకు పని అచ్చింది ఆని తోటే." ఆ తర్వాత మా కంపెనీలో ఒక పద్ధతి వచ్చింది. ఏ మిషను బిగించినా, దాన్ని రోజూ చూసుకునే మనిషితో పనంతా తిరిగి చెప్పించుకున్నాకే పెట్టె సర్దాలి. చూపించిన పరికరం ఏదైనా అక్కడే వదిలి రావాలి. మీరిప్పుడు విసుక్కుంటూ పాటించే ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో ఇదీ కథ.

నేను రిటైరైన ఏడు సిరిసిల్ల వెళ్లాల్సిన పని పడి, ఆ షెడ్డుకు పోయాను. డబ్బా మారింది, కొత్త రకం, అంకెలు చూపించేది. దాని పక్కన మేకుకు నా థర్మామీటర్లు రెండూ ఉన్నాయి. ఒకదానికి తెల్లటి తడిగుడ్డ. అక్క జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. ఇప్పుడు కండెలు కోడలు చుడుతోంది. ఈమె స్టూలేసుకుని కూర్చుని అజమాయిషీ చేస్తోంది. నన్ను చూసి లేవబోయింది, మోకాళ్లు సహకరించక కూర్చుండిపోయి నవ్వింది.

"రా తమ్మీ. నీ బిడ్డలు మంచిగనే ఉన్నరు. రోజు తానం వోస్తున్న."

చాయ తెప్పించింది. మగ్గాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే దగ్గరగా వంగాలి. మోకాళ్ల గురించి, మనవళ్ల గురించి అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. నేను లేచేటప్పుడు ఆమె నా చొక్కా జేబు వైపు చూసింది. పెన్ను తప్ప ఏమీ లేని జేబు.

"తమ్మీ, ఎన్నడు అడగకపోతి," అంది నా చెవి దగ్గర. "గా దినం గా తెల్లంగి మరక... ఇంటికి వొయ్యి ఉతికితె పోయిందా?"